మందార కుండీలో గొల్లభామ, బకెట్లో నీళ్ల బొద్దింక: ఏది గెలుస్తుంది?

మీరు రాసింది ఇదీ. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు దగ్గర మీ అపార్ట్‌మెంట్. మొన్న రాత్రి వాన వెలిశాక గేటు లైటు కింద చూపుడువేలంత పొడవున్న గోధుమరంగు పురుగు పడి ఉంది. వాచ్‌మన్ "నీళ్ల బొద్దింక సార్" అని దాన్ని చీపురుతో బకెట్లోకి తోశాడు, తర్వాత "వణుకుతోంది సార్, చచ్చిపోతుందేమో" అన్నాడు. దాని ఫోటో కూడా పంపారు. మీ బాల్కనీ మందార కుండీ మీద వారం రోజులుగా ఒక పచ్చ గొల్లభామ కాపురం ఉంది. ఐదో తరగతి చదివే మీ పాప రెండింటినీ చూసి, వాటి ముందుకాళ్లు ఒకేలా మడతపడి ఉన్నాయని పట్టేసింది. "ఇవి చుట్టాలా? కొట్లాడితే ఏది గెలుస్తుంది?" అన్నది పాప ప్రశ్న. రెండింటినీ ఒకే గాజు తొట్టిలో పెట్టి చూపించొచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు మీ ప్రశ్నకు జవాబు: పెట్టకండి. బకెట్లో చెయ్యి కూడా పెట్టకండి. అది కదలకుండా ఉందని చచ్చిందనుకోవద్దు. బయటికి తీస్తే బిగుసుకుపోయి చచ్చినట్టు నటించడం దానికి అలవాటు, వెనకనుంచి కంపు నీళ్లు కూడా చిమ్ముతుంది. ఆ నటన నమ్మి వేలితో పొడిస్తే కుడుతుంది. ప్రాణాపాయం లేదు కానీ ఆ నొప్పి మామూలు నొప్పి కాదు. రాజేంద్రనగర్‌లో ముప్ఫై ఏళ్లు వ్యవసాయ విద్యార్థులకు పురుగుల పాఠం చెప్పినవాణ్ణి, రెండుసార్లు కుట్టించుకున్నాను. రెండోసారి తప్పు పూర్తిగా నాదే, వల జాలీలోంచి వేలు పెట్టాను. సాయంత్రం దాకా ఆ చేత్తో చాక్‌పీసు పట్టుకోలేకపోయాను.

ఇక పాప ప్రశ్న. పాప చూసిన చూపు మంచి చూపు. మా డిగ్రీ పిల్లలకే ఆ పోలిక నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది.

చుట్టరికం దగ్గర మొదలుపెడదాం, అది త్వరగా తేలిపోతుంది. తమాషా ఏమిటంటే, మీ వాచ్‌మన్ బొద్దింక అన్నది బొద్దింక కాదు. బొద్దింకకు అసలు చుట్టం మీ మందార కుండీ మీదే ఉంది. గొల్లభామ, బొద్దింక, చెదపురుగు ఒకే కొమ్మలోవి. బకెట్లో ఉన్నది జెయింట్ వాటర్ బగ్. మీ ఫోటోలో ఉన్న సైజుకు, మన ప్రాంతానికి అది లెథోసెరస్ ఇండికస్ అయి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాని చుట్టాలు మంచంలో నల్లి, పత్తి మీద పేనుబంక, వరికి పట్టే సుడిదోమ. ఆ వంశం మొత్తానికీ గుర్తు ఒక్కటే: నోరు ఉండాల్సిన చోట సూది ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

(గొల్లభామ అనే పేరు గురించి ఒక్క మాట. ఇక్కడ నేననేది ఇంగ్లీషులో మాంటిస్ అనే పురుగును. కొన్ని ఊళ్లలో పచ్చ మిడతనూ అదే పేరుతో పిలుస్తారు. సిద్దిపేట గొల్లభామ చీర మీద ఉండేది మాత్రం పురుగు కాదు, నెత్తిన కుండ పెట్టుకున్న ఆడమనిషి. మా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఈ సందేహం అడిగేవారు.)

చుట్టాలు కానప్పుడు కాళ్లు ఒకేలా ఎందుకున్నాయి? కొడవలి ఏ ఊరి కమ్మరి చేసినా వంపుగానే వస్తుంది, కోసే పని అలాంటిది కాబట్టి. పరుగెత్తకుండా ఒకచోట పొంచి ఉండి, దగ్గరికొచ్చినదాన్ని ఒక్క పట్టుతో బిగించాలంటే, తొడ మీదికి పిక్క చాకులా మడతపడే కాలు అన్నిటికంటే బాగా పనికొస్తుంది. అందుకే పురుగుల్లో ఈ కాలు ఒక్కసారి కాదు, వేరువేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది. గొల్లభామకు వచ్చింది, నీటి పురుగులకు వచ్చింది, గొల్లభామలా కనిపించే ఒక రకం రెక్కల పురుగుకూ వచ్చింది. అసలు పురుగుల జాతే కానిది, సముద్రంలో ఉండే మాంటిస్ రొయ్యకు కూడా అలాంటిదే ఉంది.

కానీ దగ్గరగా చూస్తే ఈ రెండు కొడవళ్లూ ఒకటి కాదు. పాపతో ఒక పని చేయించండి. అరచెయ్యి చాచి గాల్లో విసురుగా ఊపమనండి. తర్వాత మంచినీళ్ల బకెట్లో (పురుగు ఉన్న బకెట్లో కాదు!) అంతే విసురుగా ఊపమనండి. ఊపలేదు. గాలి కంటే నీళ్లు దాదాపు 800 రెట్లు చిక్కన. ఈ రెండు పురుగుల తేడాల్లో సగం ఆ 800 దగ్గరే మొదలవుతాయి.

గొల్లభామ గాల్లో వేటాడుతుంది కనుక దాని ఆయుధం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మెడలా కనిపించేది నిజానికి ఛాతీలో మొదటి భాగం, సాగి పొడుగైంది. ముందుకాలి తుంటి ముక్క కూడా మిగతా పురుగులకు లేనంత పొడుగు. తొడకూ పిక్కకూ రంపం పళ్లలా ముళ్ల వరసలు. ఇదంతా దూరం అందుకోవడానికే. చాచి పట్టుకోవడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఈగ ఎగరాలని అనుకునేలోపే పని అయిపోతుంది.

నీటి పురుగు అదే వేగంతో పొడుగు కాలు విసరాలంటే నీళ్లు ఒప్పుకోవు. కాబట్టి దాని ముందుకాలు పొట్టి, లావు. తొడ పహిల్వాన్ జబ్బలా ఉంటుంది. విసురు తక్కువ, పట్టు ఎక్కువ. మధ్య కాళ్లు, వెనక కాళ్లు చదునుగా, అంచులకు వెంట్రుకలతో తెడ్లలా ఉంటాయి, అవి ఈతకు. గొల్లభామది గారడీవాడి చెయ్యి, దీనిది కుస్తీవాడి చెయ్యి. దూరం అందుకోలేదు కనుక ఇది ఎర బాగా దగ్గరికొచ్చేదాకా కదలదు. నీటి మొక్క కాడను పట్టుకుని, తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడుతుంది. పైనుంచి చూస్తే ఎండుటాకు.

తోక పైకి ఎందుకంటే ఊపిరికి. దానికి చేపలా మొప్పలు లేవు. పొట్ట చివర లోపలికీ బయటికీ జరిగే రెండు చిన్న పట్టీలు ఉంటాయి, వాటిని నీటి పైకి పెట్టి గాలి తీసుకుంటుంది, రెక్కల కింద దాచుకుంటుంది. నీళ్లలో ఇంత బలం చూపించే జీవికి ప్రాణం ఉన్నది ఆ రెండు పట్టీల చివర. చేపల చెరువుల వాళ్లకు ఇది బాగా తెలుసు. నర్సరీ చెరువులో స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) వదిలేముందు సబ్బు, నూనె కలిపి నీటి మీద చల్లుతారు, పాత లెక్క ప్రకారం హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు. అది విషం కాదు. నీటి మీద నూనె పొర కడుతుంది, గాలి కోసం పైకొచ్చిన పురుగుల శ్వాసదారి మూసుకుపోతుంది. ఒక్క పురుగు రోజుకు ఎన్ని చేపపిల్లల్ని లాగేస్తుందో చూసిన రైతు ఆ ఖర్చుకు వెనకాడడు.

ఇప్పుడు సూది సంగతి. ఈ రెండింటి మధ్య అసలు తేడా కాళ్లలో కాదు, నోట్లో ఉందని నా అభిప్రాయం.

గొల్లభామకు దవడలు ఉన్నాయి. పట్టుకున్నదాన్ని చంపాలని చూడదు, తినడం మొదలుపెడుతుంది, అంతే. ఎక్కడ నోటికి అందితే అక్కడ. మనం మొక్కజొన్న కండె తిన్నట్టు తిప్పుకుంటూ తింటుంది, రెక్కలు కింద పారేస్తుంది. తర్వాత పిల్లిలా కూర్చుని ముందుకాళ్ల ముళ్లు ఒక్కొక్కటే నోటితో శుభ్రం చేసుకుంటుంది. పాపకు ఇది తప్పక చూపించండి, కుండీకి దగ్గరగా కూర్చుంటే కొరుకుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది.

నీటి పురుగు కొరకలేదు, నమలలేదు. సూది గుచ్చి లాలాజలం ఎక్కిస్తుంది. ఆ లాలాజలంలో కొంత ఎరను కదలకుండా చేస్తుంది, కొంత లోపలి మాంసాన్ని కరిగిస్తుంది. మన కడుపులో జరిగే జీర్ణం దానికి ఎర ఒంట్లోనే జరుగుతుంది, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. ఒకసారి కాలేజీ చెరువు గట్టున నీటి మీద తేలుతున్న చేపపిల్లను ఎత్తాను. పొలుసులు, రెక్కలు, కళ్లు అన్నీ చక్కగా ఉన్నాయి, బరువే లేదు. లోపల ఏమీ మిగల్లేదు.

సూది వల్ల దానికి కలిసొచ్చింది ఏమిటంటే, తనకంటే పెద్దదాన్ని పట్టొచ్చు. దవడలతో తినేది ఎర పెనుగులాడుతున్నంతసేపూ కాళ్లతోనే ఆపాలి. సూదివాడికి మొదటి కొద్ది నిమిషాలు పట్టు నిలిస్తే చాలు, తర్వాత మందే పని చేస్తుంది. అందుకే ఈ కుటుంబం చేపలు, కప్పలు, తోకకప్పలతో ఆగలేదు. జపాన్‌లో ఉండే దీని దగ్గరి చుట్టం చిన్న తాబేలును, పామును కూడా పట్టి పీల్చడాన్ని షిన్యా ఓబా అనే పరిశోధకుడు 2011 ప్రాంతంలో నమోదు చేశాడు. వెన్నెముక ఉన్న జంతువులను ఒక నల్లి చుట్టం తింటోంది, ఆలోచించండి.

గొల్లభామ వెన్నెముక జోలికి పోదని కాదు. అది చిన్న పక్షులను పట్టిన సంఘటనలు ప్రపంచమంతా కలిపి 147 పోగేసి 2017లో ప్రచురించారు, ఎక్కువగా తేనెపిట్టలాంటి హమ్మింగ్‌బర్డ్‌లు. కానీ అది దానికి ఎప్పుడో దొరికే విందు. నీటి పురుగుకు చేప రోజూ అన్నం.

అయితే చూపు విషయంలో గొల్లభామను కొట్టేది లేదు. మీ పాప ఈపాటికి గమనించే ఉంటుంది, ఎటు నుంచి చూసినా దాని కంట్లో చిన్న నల్లచుక్క మనవైపే తిరిగినట్టుంటుంది. అది కనుపాప కాదు, మనవైపు నేరుగా ఉన్న కంటి గదులు వెలుతురును మింగేయడం వల్ల కనిపించే మాయ. చీకటి పడితే మొత్తం కన్నే నల్లబడుతుంది. అసలు విశేషం, రెండు కళ్లతో దూరం కొలిచే విద్య మనకున్నట్టే దీనికీ ఉంది. శామ్యూల్ రోసెల్ 1983లో దీన్ని చూపించాడు. తర్వాత ఇంగ్లాండ్ న్యూకాసిల్ యూనివర్సిటీలో జెన్నీ రీడ్, వివేక్ నిత్యానంద బృందం ఇంకో అడుగు వేసింది. గొల్లభామ కళ్లకు తేనెమైనంతో బుల్లి రంగు అద్దాలు అతికించి, తెర మీద త్రీడీ సినిమాలా కదిలే చుక్క చూపించారు. లేని పురుగు దగ్గరికొచ్చినట్టు కనిపించగానే గొల్లభామ కాళ్లు విసిరింది! 2016లో ఆ ఫోటోలు చూసి మా ఇంట్లో అందరూ నవ్వారు, నేను మాత్రం ఆ అద్దాలు అతికించిన చేతుల ఓపికను తల్చుకుంటూ కూర్చున్నాను.

చెవి కూడా దానిది వింతే. చాలా గొల్లభామలకు చెవి ఒక్కటే, అదీ తల మీద కాదు, ఛాతీ అడుగున మధ్యలో. గబ్బిలం కూతలాంటి, మన చెవికి అందని శబ్దాన్ని అది వింటుంది. రాత్రి ఎగురుతుండగా ఆ కూత వినిపిస్తే ఉన్నపళంగా కిందికి దూకుతుంది. ఈ చెవిని 1986లో గానీ ఎవరూ గుర్తించలేదు, తల మీద వెతికితే ఎలా దొరుకుతుంది!

మధ్యలో నీటి పురుగు గొప్ప ఒకటి చెప్పకపోతే అన్యాయం. అది ఎగిరేముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి రెక్కల కండరాలను వణికిస్తుంది. మీ వాచ్‌మన్ "వణుకుతోంది సార్, చచ్చిపోతుందేమో" అన్నది బహుశా అదే, ఎగరబోతోంది. ఆ రెక్క కండరం పెద్దది, లోపలి అమరిక చాలా క్రమంగా ఉంటుంది. అందుకే కండరం ఎలా ముడుచుకుంటుందో తేల్చిన పనుల్లో దానికి చోటు దొరికింది. రీడీ, హోమ్స్, ట్రెగేర్ 1965లో ప్రచురించిన ప్రయోగం లెథోసెరస్ రెక్క కండరం మీద చేసిందే. కండరంలోని సన్నని వంతెనలు వాలు మార్చుకుంటాయని అందులో కనబడింది. మన జబ్బ బిగుసుకునే తీరులో కొంత భాగం ఈ పురుగు నుంచే మనకు తెలిసింది.

కాపురాల సంగతికొద్దాం. గొల్లభామ ఆడది మగదాన్ని తినేస్తుందని అందరికీ తెలుసు. తింటుంది, కానీ ప్రతిసారీ కాదు. ఆకలిగా ఉన్న ఆడదాని దగ్గర మగదానికి ముప్పెక్కువ. తిన్న చోట మగదాని మాంసం గుడ్లలోకి చేరుతుందని చైనా గొల్లభామ మీద 2016లో చూపించారు. గుడ్లు పెట్టాక చాలా రకాల్లో తల్లి పని అయిపోతుంది. నురగలా కక్కిన తిత్తి గట్టిపడి లోపల గుడ్లను కాపాడుతుంది. ఆ తిత్తి చూస్తే బొద్దింక చుట్టరికం గుర్తొస్తుంది, బొద్దింకలూ గుడ్లను తిత్తిలోనే పెడతాయి.

నీటి పురుగుల ఇంట్లో పిల్లల్ని సాకేది తండ్రి. మన వరిమళ్లలో, కుంటల్లో బొటనవేలి గోరంత ఉండే చిన్న జాతి ఉంది, డిప్లోనికస్. దాని వీపు మీద గుడ్లు ధాన్యం గింజలు పేర్చినట్టు నిలువుగా అతికి ఉంటాయి. చూసినవాళ్లంతా గుడ్లు మోస్తున్నది తల్లే అనుకునేవారు. ఈ కుటుంబంలో మోసేది మగదని 1899లో ఫ్లారెన్స్ స్లేటర్ రాసింది. ఆడది వచ్చి మగదాని వీపు మీద గుడ్లు అతికించి వెళ్లిపోతుంది, పిల్లలు బయటికొచ్చేదాకా తండ్రి వాటికి గాలి తగిలేలా నీటిపైకి వస్తూ, ఒళ్లు ఊపుతూ కాలం గడుపుతాడు. 1970ల్లో అమెరికాలో రాబర్ట్ స్మిత్ తేల్చిందాన్నిబట్టి, ఆడది కొన్ని గుడ్లు పెట్టగానే మగది ఆపి మళ్లీ జతకడుతుంది, మళ్లీ కొన్ని పెట్టనిస్తుంది. పరాయి పిల్లల్ని మోయకూడదన్న జాగ్రత్త.

మీ బకెట్లో ఉన్న పెద్ద జాతి తీరు వేరు. అది గుడ్లను నీటికి పైన, కాడ మీద పెడుతుంది. ఎండకు ఎండిపోకుండా మగది నీళ్లలోంచి ఎక్కివచ్చి వాటిని తడుపుతుంది. జపాన్ జాతిలో ఇంకో ఘోరం కూడా చూశారు: కొత్తగా వచ్చిన ఆడది కాపలా ఉన్న మగదాని గుడ్లను ధ్వంసం చేసి, చేతులు ఖాళీ అయిన ఆ మగదానితోనే జతకట్టి తన గుడ్లు అప్పగిస్తుంది. గొల్లభామను క్రూరురాలనేవాళ్లు దీన్ని చూడలేదు.

ఇప్పుడు "ఏది గెలుస్తుంది". పాపకు ఇలా చెప్పండి: ముందు ఎక్కడ కొట్లాడతాయో చెప్పు. నీళ్లలో అయితే పోటీయే లేదు, గొల్లభామ మునుగుతుంది, అది కాస్త పెద్ద ఎర మాత్రమే. మందార కొమ్మ మీద నీటి పురుగు నడవడమే కష్టం, తెడ్లతో కొమ్మ ఎక్కినట్టుంటుంది. కానీ దాని వీపు గట్టి డాలు, గొల్లభామ పట్టుకున్నా దవడ దిగే చోటు వెతుక్కోవాలి, ఈలోపు సూది తగిలిందా, గొల్లభామ పని అయిపోయినట్టే. నన్ను పందెం కాయమంటే కాయను. గాజు తొట్టిలో పెట్టి చూస్తే తెలిసేది తొట్టి గురించే, పురుగుల గురించి కాదు.

అసలు బయట ఇవి కలుసుకోవా అంటే, గొల్లభామ నీటి దగ్గరికి వచ్చే సందర్భాలు రెండు తెలుసు. ఒకటి మన పక్కనే, కర్ణాటకలో ఒక మిద్దె తోటలో జరిగింది, 2018లో అచ్చయింది. అక్కడి చిన్న నీటి తొట్టిలో ఆకుల మీద నిలబడి ఒక మగ గొల్లభామ 5 రోజుల్లో 9 గప్పీ చేపలను పట్టి తినేసింది, దోమపిల్లల కోసం మనం వదులుతామే, ఆ గప్పీలే. చీకటి పడ్డాక కూడా గురి తప్పలేదు. అది హైరోడులా అనే ప్రజాతిది, మీ కుండీలో ఉన్నదీ బహుశా అదే ప్రజాతి.

రెండోది కాస్త భయంకరం. గొల్లభామ పొట్టలో దారంలాంటి పొడుగు పురుగు పెరుగుతుంది, హార్స్‌హెయిర్ పురుగంటారు. పెద్దదయ్యాక అది నీటిలోకి పోవాలి. అప్పుడు గొల్లభామ తనంతట తానే వెళ్లి నీళ్లలో దూకుతుంది. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురులో అడ్డంగా కంపించే భాగం ఎక్కువ, పురుగు పట్టిన గొల్లభామ ఆ వెలుతురుకు లోబడుతుందని జపాన్‌లో 2021లో తేల్చారు. చాలా నీటి పురుగులు ఎగురుతూ చెరువును వెతుక్కునేది కూడా అదే రకం మెరుపును బట్టి. వాన వెలిశాక తడి తారురోడ్డూ, కార్ల పైకప్పులూ వాటికి చెరువులా కనబడటం అందుకే. మీ గేటు దగ్గర దాన్ని దించడంలో లైటుదీ పాత్ర ఉంది.

కాబట్టి ఈ రాత్రి చేయాల్సింది. బకెట్ మీద జాలీ మూత పెట్టండి, లేకపోతే ఎగిరి మీ హాల్లో ట్యూబ్‌లైటుకు కొట్టుకుంటుంది. చీకటి పడ్డాక బకెట్ తీసుకెళ్లి చెరువు అంచున మొక్కలున్న చోట మెల్లగా వంచండి, చేత్తో తీయొద్దు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, అక్కడ దానికి తిండికి కొదవ ఉండదు.

గొల్లభామను కుండీ మీదే ఉండనివ్వండి. తోటకు మేలు చేస్తుందని మాత్రం పెద్ద ఆశ పెట్టుకోవద్దు, పురుగునూ తింటుంది, తేనెటీగనూ తింటుంది, దానికి తేడా లేదు. దాని పొట్ట బాగా ఉబ్బితే అది ఆడది, కొద్ది రోజుల్లో కొమ్మకో గోడకో గట్టిపడిన నురగలాంటి ముద్ద కనబడుతుంది. గోకేయకండి. పిల్లలు ఒకేసారి పదుల్లో, ఒక్కోసారి వందకు పైగా దారాలకు వేలాడుతూ దిగుతాయి. ఆ రోజు పాప బడి మానేసినా నాకు అభ్యంతరం లేదు. సాయంత్రానికి మాత్రం కుండీని కింద చెట్లలోకి దించండి, బాల్కనీలో ఉంచితే రెండో రోజు నుంచి అవి ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి.